మా నాయన రాయని క్షమాపణ

నా చేత్తో నేను రాసిన మొదటి అర్జీ మా నాయన తరఫున రాసిన క్షమాపణ. అప్పటికి ఆయన చనిపోయి ఆరు గంటలైంది. 2011 వేసవి. నేను బి.ఇడి. చదువుతున్నాను. మా వంశంలో డిగ్రీ మొహం చూసింది నేనొక్కదాన్నే గనక, దస్తూరీ బాగుంటుందని సంఘపెద్దలు నన్నే రాయమన్నారు. సంఘ క్రమమునకు అవిధేయుడై దైవసేవకునికి ఎదురు మాట్లాడి బల్లకు దూరమైన ఫలానా వారి కుటుంబం అని మొదలుపెట్టి, కృపతో క్షమించి సమాధి కార్యక్రమము జరిగింపవలసినదిగా ప్రార్థన అని ముగించాను. ఆ గ్రాంథికం ఎవరూ చెప్పలేదు, నేనే వేశాను. తెలుగు మెథడాలజీ చదువుతున్నదాన్ని గదా. అమ్మ కింద వేలిముద్ర వేసింది. మూడేళ్ళ చందా బాకీ కట్టాం. ఆ తర్వాతే గుడిగంట కొట్టారు.

ఆ కాగితంలో రెండు మాటలున్నాయి. కృప, విధేయత. అవి నాకు ఇప్పటిదాకా గొంతులో ముల్లులాగా అడ్డం తిరుగుతూనే ఉన్నాయి. ఈ సంకలనం వాళ్ళు నన్ను సాహిత్యం మీద రాయమన్నారు. మా పల్లెలో సాహిత్యమంటే బైబిలు, పాటల పుస్తకం, అయ్యగారి ప్రసంగం. మూడూ మావాళ్ళు చెవుల్తో చదివినవే. కాబట్టి ఆ రెండు మాటలనే సమీక్షకు తీసుకుంటున్నాను.

ముందు నాయన ఏం నేరం చేశాడో చెప్పాలి. మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. పల్లె నుంచి బొందలగడ్డకు ఒక డొంక ఉండేది. 2008లో ఊళ్ళో ఒక పెద్ద రైతు ఆ డొంకను తన చేలో కలిపేసుకుని పొగాకు వేశాడు. పీనుగ పోవాలంటే చుట్టూ తిరిగి వాగులో దిగాలి. పల్లెలో మగవాళ్ళు గుడి ముందు కూర్చుని రెండు తీర్మానాలు చేశారు. ఆయన పొగాకు కొట్టడానికి ఎవరూ పోగూడదు. ఎమ్మార్వో గారికి అర్జీ పెట్టాలి. ఆ మరుసటి ఆదివారం మా అయ్యగారు రోమా పత్రిక పదమూడో అధ్యాయం తీశారు. పై అధికారులకు లోబడి ఉండమనే భాగం. అక్కణ్ణించి ఎఫెసీ పత్రికకు పోయి, దాసులు యజమానులకు విధేయులై ఉండాలనే మాట మీద అరగంట నిలబడ్డారు. గుడి స్లాబు ఆ ఏడాదే పోశారు. సిమెంటు ఎవరిచ్చారో పల్లెలో అందరికీ తెలుసు.

నాయన లేచి నిలబడ్డాడు. ప్రసంగం మధ్యలో లేవడం మా గుళ్ళో ఎవరూ ఎరగరు. "అయ్యగారూ, అధికారులకు లోబడమని రాసుంది, సరే. డొంక దున్నినోడు ఏ అధికారి?" అన్నాడు. అంతే. కేక కూడా వెయ్యలేదు. వెనక స్త్రీల వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వే అయ్యగారికి ఎక్కువ తగిలిందని నా అనుమానం. మరుసటి నెల నాయనకు బల్ల ఆపేశారు. క్షమాపణ రాసిస్తే మళ్ళీ ఇస్తామన్నారు. నాయన రాయలేదు. ఆయన రాయని కాగితాన్ని ఆయన పోయాక నేను రాశాను.

ఇక కృప సంగతి. మా ఇంట్లో ఆ మాటను ఉప్పులాగా వాడేవాళ్ళు. కూలి దొరికితే కృప. చీకట్లో పాముమీద కాలుపడినా కరవకపోతే కృప. నాకు ఇంటర్లో ఫస్టుక్లాసు వస్తే కృప. అడిగే హక్కు లేకుండా వచ్చిందే కృప అని అమ్మ లెక్క. వేదశాస్త్రం చదివినవాళ్ళు చెప్పేదీ ఇంచుమించు అంతే. కాకపోతే హక్కు ఉండి వచ్చినదాన్ని కూడా అమ్మ కృప కిందే జమకట్టేది. "కూలి కృపెట్లా అవుద్దమ్మా, నడుం వొంచినందుకే గదా ఇచ్చాడు" అంటే, "ఎగ్గొట్టినోళ్ళు ఎంతమంది లేరు, ఇచ్చాడంటే కృపే" అనేది. ఈ మాటకు అప్పట్లో నా దగ్గర జవాబు లేదు. తర్వాత రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో జవాబు కనబడింది. పనిచేసినవాడికి ఇచ్చే జీతం దయ కాదు, అది బాకీ అని పౌలు అక్కడ వాదిస్తాడు. కృప గొప్పతనం చెప్పడానికే ఆయన ఆ పోలిక తెచ్చాడు. కానీ ఆ వాదం నిలబడాలంటే ముందు కూలి బాకీ అని ఒప్పుకోవాలి. కూలిని కృపగా మార్చేస్తే దేవుడి కృపకు మిగిలే అర్థం ఏముంది? యాకోబు పత్రిక చివరి అధ్యాయం ఇంకా తిన్నగా మాట్లాడుతుంది. కోత కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర దేవుడి చెవిని పడుతుందని. ముప్పై ఆరేళ్ళలో ఆ భాగం మీద ప్రసంగం నేను ఒక్కటంటే ఒక్కటి వినలేదు. కల్లు మీద విన్నాను, సినిమా మీద విన్నాను, బొట్టు మీద లెక్కలేనన్ని విన్నాను. మా గుడి పాపాల జాబితాలో కూలి ఎగ్గొట్టడం లేదు. ఆ పాపం చేసేవాళ్ళెవరూ మా గుడికి రారు గదా!

ఎఫెసీ పత్రికలో లోబడమని ముగ్గురికి చెప్పారు. భార్యలకు, పిల్లలకు, దాసులకు. మా అమ్మ పుట్టిన దగ్గర్నుంచి ఈ మూడిట్లో ఏదో ఒకటిగానే ఉంది, చాలాకాలం రెండేసి. అదే పత్రికలో యజమానులకూ ఒక మాటుంది, బెదిరింపులు మానమని. అది మా గుళ్ళో చదివితే వినడానికి యజమాని లేడు. ఆయన సిమెంటు పంపాడుగానీ తాను రాలేదు. పత్రిక ఇద్దరికి రాస్తే ఒకరికే అందింది. ఒకరికే అందిన ఉత్తరం అర్థం మారిపోదా?

ఉద్యోగం వచ్చాక నేను పాత మిషన్ పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు సర్కారు బడి ఇంగ్లీషు, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివిందే. ఒంగోలు ప్రాంతంలో మాదిగలు క్రైస్తవులైన కథను రెండు పుస్తకాలు దగ్గర్నుంచి చెబుతాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' ఒకటి. క్లౌ 1910లో చనిపోయాక 1914లో వచ్చిన ఆయన ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' రెండోది. దాన్నీ రాసిపెట్టింది ఆమే. మొదటి పుస్తకంలో చెప్పులు కుట్టే ముసలివాళ్ళ జ్ఞాపకాలున్నాయి. మావాళ్ళ గురువులు, యోగ మార్గాలు, మాతమ్మ జాతరలు, వాళ్ళ అనుమానాలు, వాళ్ళ వెతుకులాట అన్నీ ఉన్నాయి. మాదిగలకు తిండి తప్ప ఆలోచన లేదనుకునే వాళ్ళందరూ చదవాల్సిన పుస్తకం. అయితే ఆమె మమ్మల్ని ఒక అంతరించిపోతున్న తెగలాగా చూస్తుంది. కుట్టే చెప్పు కనిపిస్తుంది. ఆ చెప్పు ఎవరి కాలికి ఊరికే పోతుందో పక్కకు జరిగిపోతుంది.

ఈ పుస్తకాల్లో నన్ను ఆపేసిన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారి. యోగ మార్గంలో నడిచి తన కులంవాళ్ళకు గురువైనవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడ సువార్త విన్నాడు. తనంతట తాను ఒంగోలు వైపు మిషనరీలను వెతుక్కున్నాడు. 1866లో ఆయనా ఆయన భార్యా బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర ఒంగోల్లో మొదట పైకులాల పిల్లల బడి మీద ఆశ పెట్టుకున్నాడు. మాదిగలు వస్తుంటే ఆ పిల్లలు వెళ్ళిపోతామన్నారు. ఏం చెయ్యాలో తోచక ఆయనా మొదటి భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలో ఒకే చోటు తగిలిందట, దేవుడు నీచులనబడ్డవాళ్ళను ఎన్నుకున్నాడనే చోటు. ఈ కథను మిషన్ చరిత్రలన్నీ మురిసిపోతూ చెబుతాయి. నాకు అంత మురిపెం లేదు. ఈ కథలో మమ్మల్ని దేవుడు ఎన్నుకున్నాడు, దొర ఒప్పుకున్నాడు. దొరకంటే ముందు పేరయ్య ఎన్నుకున్నాడన్న సంగతి రెండో వరసలో కూర్చుంటుంది, ఊళ్ళో మావాళ్ళు కూర్చున్నట్టే.

కొత్తగా కలిసినవాళ్ళకు క్లౌ మూడు కట్టుబాట్లు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చూడ్డానికి ఇవి భక్తి నియమాలు. పల్లెలో నిలబడి చూస్తే ఒక్కొక్కటీ ఊరి గుంజకు తగిలే గొడ్డలి. ఆదివారం రానంటే వెట్టి రానని. విగ్రహానికి మొక్కనంటే జాతరలో డప్పు కొట్టనని. చచ్చిన గొడ్డు తిననంటే దాన్ని ఈడ్చుకుపోయే పాత ఒప్పందం తెగినట్టే. కరణాలూ రెడ్లూ దీన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నారు. కొట్టారు. బావులు మూశారు. దారులు మూశారు. అంటే ఒంగోలు మాదిగల చేతిలో దేవుడికి విధేయత ఊరికి అవిధేయతగా మొదలైంది. ఆ విశ్వాసానికి తొలి గుర్తు ఒక నిరాకరణ. మా నాయన చదివింది మూడో తరగతి. ఈ పుస్తకాల పేర్లు కూడా ఆయన వినలేదు. డొంక సంగతి అడిగినరోజు ఆయన పేరయ్య సంఘంలో నిలబడ్డాడు. అయ్యగారు కరణం పక్కన నిలబడ్డారు. బల్ల ఆగిపోవాల్సింది ఎవరికి?

అట్లాగని ఆ మూడు కట్టుబాట్లను నెత్తిన పెట్టుకోలేను. ఆదివారం ఒక్కరోజే వెట్టి పాపమైతే మిగతా ఆరు రోజుల సంగతేమిటి? ఏడో రోజు విశ్రాంతిని గెలిచారు, చాలా పెద్ద గెలుపే. భూమి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. చచ్చిన గొడ్డు నియమం నాకు ఇంకా ఇబ్బంది. ఆకలికి తిన్నదాన్ని పాపంగా లెక్కగట్టిన నియమం అది. మూడిట్లో పైకులాలవాళ్ళు మనసారా ఒప్పుకోగలిగింది అదొక్కటే. 2012లో ఉస్మానియా పిల్లలు బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు మా చుట్టాల్లో భక్తిపరులు సిగ్గుపడ్డారు. ఆ సిగ్గులో ఊరి పాలు ఎంతో, గుడి పాలు ఎంతో తూచి చెప్పలేను.

కరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని పల్లెల జనాన్ని బతికించాడు. పని, సాయం నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం కలిశారని అనిపించుకోవద్దని. సాయం ఆగాక జనం ఆగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. ఈ అంకెను మా గుళ్ళల్లో శతాబ్ది సావనీర్లలో అచ్చేసుకుంటారు. బయటివాళ్ళు దీన్నే చూపించి 'బియ్యం క్రైస్తవులు' అంటారు. నేను అడిగేది ఒక్కటే. ఒక బ్రాహ్మణుడు సందేహం తీరక మతం మారితే తత్వాన్వేషణ, మాదిగ ఆకలి తీరక మారితే ప్రలోభమా? ఆకలి సందేహం కంటే తక్కువజాతి కారణం ఎట్లా అయింది? పైగా ఆకలి తీర్చిన చోటుకు మనిషి పోకపోతే అది భక్తి కాదు, మొండితనం. మంచి నీళ్ళు తోడుకోనిచ్చే బావి దగ్గరికే ఎవరైనా కడవ తీసుకుపోతారు.

ఎమ్మా తమ్ముడి పేరు వాల్టర్ రౌషెన్‌బుష్. అమెరికాలో సాంఘిక సువార్త ఉద్యమానికి పెద్ద దిక్కు. ఆయన 'క్రిస్టియానిటీ అండ్ ది సోషల్ క్రైసిస్' 1907లో వచ్చింది. పాపం మనిషి గుండెలోనే లేదు, కూలి రేట్లలో ఉంది, మురికివాడల్లో ఉంది అని వాదించిన మనిషి. ఆయన అక్క ఒంగోలు మాదిగల కథలు రాసుకుంటున్న కాలంలోనే ఆయన న్యూయార్కు కార్మికవాడ అనుభవాన్ని నెమరేసుకుంటున్నాడు. క్లౌ ఆత్మకథ పేరులో 'సోషల్' అనే మాట ఊరికే పడిందనుకోను. ఒక ఇంట్లో అక్క, తమ్ముడు, బావ చూసిన సంగతిని, నూరేళ్ళ తర్వాత ఆ పల్లెల్లోనే స్లాబు కోసం మరిచిపోయారు.

బాన్‌హోఫర్‌ని నాకు పరిచయం చేసింది వేదశాస్త్ర కళాశాలలో చదివిన ఒక స్నేహితుడు. జిరాక్సు కాపీ ఇచ్చాడు. ఆ జర్మన్ పాస్టరు 1937లో శిష్యత్వం మీద రాసిన పుస్తకంలో చౌక కృప అనే మాట వాడాడు. పశ్చాత్తాపం అడగని, బతుకు మార్చని, సిలువ మోయనక్కర్లేని కృప. ఎవరికైనా పంచిపెట్టగలిగే సరుకు. ఆయన లెక్కలో విశ్వాసం, విధేయత విడదీయడానికి వీల్లేనివి. నమ్మేవాడు లోబడతాడు, లోబడేవాడే నమ్ముతాడు. మొదటిసారి చదివి పుస్తకం మూసేశాను. ఇది మా అయ్యగారి మాటే గదా అనిపించింది. మళ్ళీ తెరిచేలోగా రెండేళ్ళు పట్టింది. రెండోసారి ఎవరికి లోబడమంటున్నాడో చూశాను. జర్మనీ చర్చిల్లో చాలాభాగం అదే రోమా పదమూడు చూపించి హిట్లరుకు లోబడిన కాలం అది. ఆయన క్రీస్తుకు లోబడతానన్నాడు గనకే హిట్లరుకు లోబడలేకపోయాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ క్యాంపులో ఉరి తీశారు. ఒకే మాట ఇద్దరి నోట్లో రెండు పనులు చేస్తుంది.

అయినా బాన్‌హోఫర్‌తో నాకొక పేచీ ఉంది. ఆయన చౌక కృపను తిట్టింది కడుపు నిండిన సంఘం ముందు నిలబడి. ఆ తిట్టును తెచ్చి మా పల్లెలో వల్లిస్తే అన్యాయం. మావాళ్ళకు కృప ఎప్పుడూ చౌకగా దొరకలేదు. మూసిన బావులు, తగిలిన దెబ్బలు, పోయిన పని, అంతా చెల్లించే తీసుకున్నారు. నూరు బస్తాలకు దాన్ని చౌకగా కొనుక్కున్నవాడు వేరే ఉన్నాడు. అతనికి పాపం ఒప్పుకోవాల్సిన పనిలేదు, బాప్తిస్మం పనిలేదు, ఆదివారం పనిలేదు. స్లాబు మీద పేరు మాత్రం చెక్కారు.

పాటల సంగతి చెప్పకపోతే అమ్మ ఒప్పుకోదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పేరున్నవి చాలా పురుషోత్తమ చౌదరిగారివి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన కవి. సంగీతం తెలిసినవాడు. ఆ పాటల్లో 'నేను' ఒంటరి పాపి. అతనికి పల్లె లేదు, డొంక లేదు, యజమాని లేడు. ఉన్నదల్లా తన పాపం, తన దేవుడు. దాసుణ్ణి అని చెప్పుకోవడం ఆయనకు అహంకారం విడిచిపెట్టడం. పుట్టుకతోనే దాసిగా పిలవబడ్డ మా నాయనమ్మకు ఆ మాటలో విడిచిపెట్టేదేముంది? ఇట్లా అనుకుని చాలాకాలం ఆ పాటలమీద కోపంగా ఉన్నాను. కానీ వరినాట్లలో అమ్మవాళ్ళు ఆ కీర్తనలే పాడతారు. రాగం మార్చేస్తారు. రైతు గట్టుమీదికొస్తే గొంతు పెంచుతారు. అప్పుడు వినాలి, ఆ దాసి ఎవరికి దాసినని చెబుతోందో, ఎవరికి కాదని చెబుతోందో. నేను పుస్తకంలో చదివిన పాటా అమ్మ చేలో పాడే పాటా ఒకటి కాదు. ఈ విషయంలో నా విమర్శ ఓడిపోయింది.

జాషువా 1941 నాటి 'గబ్బిలం'లో అరుంధతీ సుతుడు తన మొర శివుడికి చేరవెయ్యమని గబ్బిలాన్ని పంపిస్తాడు. గుడి తలుపు తనకు మూసి ఉంది, గబ్బిలానికి తెరిచి ఉంది. క్రైస్తవంలో పుట్టినవాడు శివుడికి మొర పంపడమేమిటని అడిగే భక్తులు మాలో ఇప్పటికీ ఉన్నారు. నాకు అందులో మతం కంటే మొర కనబడుతుంది. జాషువా నాయకుడికి తలుపు లేదు, మాట ఉంది. మాకు తలుపు తెరిచే ఉంది, చెప్పులు విడిచి లోపలికి పోతాం, ముందు వరసలో కూర్చుంటాం. మొర మాత్రం బయటే వదిలి రమ్మంటారు.

చర్చి సమాజాన్ని మార్చగలదా అని కుర్రాళ్ళు మీటింగుల్లో అడుగుతారు. సంఘంలో చేరినవాళ్ళు వెక్కిరింపుగా, చేరనివాళ్ళు ఇంకా వెక్కిరింపుగా. నాకు గుర్తొచ్చేది కారంచేడు. 1985 జులై 16న మాదిగల మంచినీళ్ళ చెరువును మురికి చెయ్యొద్దన్నందుకు ఒక కుర్రవాణ్ణి కొడుతుంటే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్తమ్మ అడ్డంపోయి తన మీదికొచ్చిన దెబ్బకు బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆమె పేరు చూడండి, సువార్త. నాలుగు సువార్తల్లోనూ లేని ఒక అధ్యాయం ఆ బిందెతో మొదలైంది. పల్లె పల్లెంతా చీరాల పారిపోయి చర్చి ఆవరణలో శిబిరం వేసుకుంది. దళిత మహాసభ ఆ ఏడాదే పుట్టింది. అంత జనం తలదాచుకోవడానికి ఒక జాగా, ఒక పంపు, ఒక నీడ ఉండడం ఎంత పెద్ద సంగతో ఉద్యమాల్లో పనిచేసినవాళ్ళకు తెలుసు. చర్చికి సమాజాన్ని మార్చే శక్తి ఉందా అంటే నాకు తెలిసిన జవాబు ఆ గేటు. గేటు తెరుచుకున్నప్పుడు ఉంది. అది ప్రసంగం కంటే ముందు చెయ్యాల్సిన పని.

ఇక నా గురించి ఒక మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మా రాష్ట్రంలో వాళ్ళను బి.సి. సి గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ మత నిబంధన తీసెయ్యమని 2007లోనే చెప్పింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. 2025లో ఇదే రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్ళకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. పల్లెను తగలబెట్టేవాడు మాత్రం బాప్తిస్మం రిజిస్టరు చూసి అగ్గిపుల్ల గియ్యడు.

ఈ వ్యాసంలో నేను గుడి గురించి, అమ్మ గురించి, నాయన గురించి రాశాను. నేను బాప్తిస్మం తీసుకున్నానో లేదో రాయలేదు, రాయను. నా సర్టిఫికెట్లో ఏముందో కూడా రాయను. ప్రభువును మనుషుల ముందు ఒప్పుకోమని ప్రతి ఏడాదీ ఉజ్జీవ కూటాల్లో చెబుతారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళల్లో బడి పంతుళ్ళు, కండక్టర్లు, గుమాస్తాలు తలలు దించుకుంటారు. చెప్పే అయ్యగారికి తెలుసు, వినేవాళ్ళకు తెలుసు. మమ్మల్ని అబద్ధంలోకి నెట్టిన ఉత్తర్వు మీద నోరెత్తకుండా మా విశ్వాసాన్ని తూచడం ఏం న్యాయం? విధేయత తక్కువైందని నిందించాల్సింది ముందు ఎవరిని? సంఘం అందరూ కలిసి ఒక ఆదివారం కలెక్టరాఫీసు ముందు ఆరాధన పెట్టుకుంటే నేనూ వస్తాను. అప్పుడు అడగండి, చెబుతాను.

డొంక సంగతి చెప్పలేదు గదూ. నాయనకు బల్ల ఆపిన ఏడాదికి సర్వేయరు వచ్చి గొలుసు లాగాడు. పూర్తి వెడల్పు రాలేదు, ఒక బండి పట్టేంత వదిలాడు పెద్దాయన. 2011లో నాయన్ని ఆ డొంకలోనే తీసుకుపోయాం. నేను రాసిన కాగితం అయ్యగారి బైబిల్లో మడిచి ఉంది. ఆయన పాడెకు ముందు నడిచారు, నాయన అడిగి సాధించిన దారిలో. ఆ రోజు నాకు ఇది తట్టలేదు. ఏడుపులో, ఎండలో, చందా బాకీ ఎవరి దగ్గర చేబదులు తెచ్చామో ఆ లెక్కలో ఉన్నాను.

అయ్యగారు బదిలీ అయిపోయారు. ఇప్పుడున్నాయన కుర్రవాడు, మంచివాడు. మొన్న ఈస్టరుకు పోయినప్పుడు సంఘం మినిట్సు పుస్తకం చూపించమన్నాను. నా కాగితం ఇంకా ఉంది, గమ్ముతో అంటించి. సిరా కొంచెం వెలిసింది. అమ్మ వేలిముద్ర వెలవలేదు. ఈ పేజీ కొట్టెయ్యాలి, మా నాయన ఏ అవిధేయతా చెయ్యలేదని పక్కన రాయాలి అన్నాను. అమ్మ పక్కనే ఉంది. నన్ను ఆపుతుందనుకున్నాను. "రాసింది నువ్వే గదా, నువ్వే కొట్టెయ్" అంది. అయ్యగారు ఇబ్బందిగా నవ్వి, అట్లా కుదరదు టీచరమ్మా, కమిటీలో పెట్టాలి, ఒక అర్జీ రాసివ్వండి అన్నారు.

అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఈసారి మామూలు తెలుగులో రాశాను. అమ్మ సంతకం నేర్చుకుంది, సంతకం పెట్టింది. కమిటీ ఇంకా కూర్చోలేదు.